దిబ్బ ఎరువూ, దేశభక్తీ

రాజ్యాంగంలోని 48వ అధికరణం ఒకే వాక్యంలో రెండు పనులు చేయమంటుంది. వ్యవసాయాన్నీ పశుపోషణనూ ఆధునిక, శాస్త్రీయ పద్ధతుల్లో తీర్చిదిద్దాలన్నది మొదటిది. ఆవులనూ దూడలనూ, ఇతర పాడిపశువులనూ దుక్కిపశువులనూ వధించకుండా నిషేధించాలన్నది రెండోది. 1948 నవంబర్ 24న రాజ్యాంగ సభలో ఈ సవరణను ప్రతిపాదించిన పండిత ఠాకూర్ దాస్ భార్గవ ఎద్దు, ఎరువు, పాలు అనే లెక్కతో వాదించారు. సమర్థించిన సేఠ్ గోవింద్ దాస్ ధర్మం గురించీ సంస్కృతి గురించీ మాట్లాడారు. మతమే కారణమైతే ఆ మాట సూటిగా చెప్పండి, అర్థశాస్త్రం చాటున ఎందుకు అన్నది లారీ, సాదుల్లా వంటి ముస్లిం సభ్యుల వాదన. సవరణ నెగ్గింది. ఆ ప్రశ్న మాత్రం అలాగే ఉండిపోయింది.

ఆ తర్వాత పాతికేళ్లలో ‘ఆధునికం, శాస్త్రీయం’ అన్న మాటలకు అర్థం స్థిరపడింది: పొట్టి గోధుమ, యూరియా, పురుగుమందు, గొట్టపు బావి. ఆవు అన్న మాటకూ అర్థం స్థిరపడింది; అది ఎన్నికల జెండా అయింది. ఆవు పేడతో పండిన గింజే తినాలని, గానుగ నూనే వాడాలని, దేశీ విత్తనాన్ని కాపాడుకోవడమే దేశభక్తి అని మనసారా నమ్మే సంప్రదాయవాది మాత్రం ఆ వాక్యంలోని రెండు భాగాల మధ్య మిగిలిపోయాడు. అతని పార్టీ అధికారంలోకి వచ్చింది, అతని సాగు రాలేదు. ఇది ఒక్క భారతదేశపు విడ్డూరం కాదు. ఇంగ్లండ్ దొరలకూ, అమెరికా క్రైస్తవ సంప్రదాయవాదులకూ ఇదే జరిగింది. సాగు నిజంగా అధికారంలోకి వచ్చిన ఒకే ఒక్క చోట, శ్రీలంకలో, జరిగింది వేరే కథ.

సేంద్రియం అనగానే చాలామందికి గుర్తొచ్చేది వామపక్ష పర్యావరణవాదులో, బహుళజాతి కంపెనీలను తిట్టే స్వచ్ఛంద సంస్థలో. ఆ ముద్ర 1960ల తర్వాత పడింది. అంతకుముందు ముప్ఫై ఏళ్లపాటు ఈ ఆలోచనను పెంచిపోషించినవారిలో ఎక్కువమంది భూస్వాములు, బిరుదులున్న ప్రభువులు, రాచరికవాదులు, కొందరు పచ్చి ఫాసిస్టులు కూడా. వారి చేతికి ఈ ఆలోచన అందించినది మాత్రం బ్రిటిష్ ఇండియా.

ఆల్బర్ట్ హోవర్డ్ 1905లో బిహార్‌లోని పూసా వ్యవసాయ పరిశోధనా సంస్థకు ఇంపీరియల్ ఎకనామిక్ బోటనిస్ట్ హోదాలో వచ్చారు. రైతుకు పాఠం చెప్పడానికి వచ్చిన ఉద్యోగం అది. చుట్టుపక్కల పొలాల్లో పురుగుమందు ఎరుగని రైతుల పంటలు ఆరోగ్యంగా ఉండటం చూసి ఆయన పాఠం చెప్పడం తగ్గించి చూడటం మొదలుపెట్టారు. రైతునూ, పురుగునూ తన ఆచార్యులుగా పెట్టుకున్నానని తర్వాతి కాలంలో చెప్పుకున్నారు. సరైన మేత తిన్న తన ఎద్దులు గాలికుంటు సోకిన పశువులతో మూతులు రాసుకున్నా జబ్బు పడలేదన్నది ఆయన తరచూ చెప్పిన ఉదాహరణ. అదే హోవర్డ్, భార్య గాబ్రియెల్‌తో కలిసి పూసా 4, పూసా 12 వంటి మేలైన గోధుమ వంగడాలను తయారు చేశారన్నది సేంద్రియ భక్తులు పెద్దగా తలుచుకోని సంగతి. ఆయనకు ప్రయోగశాల మీద కోపం లేదు. పొలం మొహం చూడని ప్రయోగశాల మీదనే కోపం.

1924లో మధ్య భారత సంస్థానాల సాయంతో, కేంద్ర పత్తి కమిటీ నిధులతో ఇండోర్‌లో ఏర్పడిన పరిశోధనా సంస్థ ఆయన చేతికి వచ్చింది. అక్కడ రూపుదిద్దుకున్నదే ‘ఇండోర్ పద్ధతి’. పంట చెత్త, పేడ, పశువుల మూత్రంలో తడిసిన మట్టి, కట్టెల బూడిద పొరలు పొరలుగా పేర్చి, గాలి ఆడేలా తిరగేస్తూ పోతే దాదాపు మూడు నెలల్లో ఎరువు తయారవుతుంది. మన దిబ్బ ఎరువుకు పెట్టిన క్రమశిక్షణ అని దాన్ని చెప్పుకోవచ్చు. అందులో మాళవ రైతు తెలివి ఎంత ఉందో, చైనా రైతు తెలివీ అంతే ఉంది. చైనా, కొరియా, జపాన్ సాగుపై అమెరికన్ శాస్త్రవేత్త కింగ్ రాసిన పుస్తకానికి హోవర్డ్ తన రుణం ఒప్పుకున్నారు. వేదాల్లో ఉందని చెప్పే అవసరం ఆయనకు కలగలేదు. యశ్వంత్ వాడ్‌తో కలిసి 1931లో ఈ పద్ధతిని పుస్తకంగా తెచ్చి, భార్య మరణించిన తర్వాత ఆయన ఇంగ్లండ్ తిరిగి వెళ్లారు.

అదే కాలంలో నీలగిరి కొండల్లోని కూనూరులో రాబర్ట్ మెక్‌కారిసన్ అనే సైనిక వైద్యుడు ఎలుకలకు భారత ప్రాంతాల తిండ్లు పెట్టి చూస్తున్నారు. గోధుమ రొట్టె, పాలు, నెయ్యి, పప్పు, కూరగాయలు ఉన్న సిక్కుల భోజనం తిన్న ఎలుకలు బలంగా పెరిగాయి. తెల్లబియ్యం మీద ఆధారపడిన మద్రాసు భోజనం చివరి స్థానంలో నిలిచింది. తెల్ల రొట్టె, వనస్పతి, చక్కెర టీ, డబ్బా మాంసంతో ఇంగ్లండ్ పేదవాడి తిండి పెట్టిన ఎలుకలు జబ్బుపడి ఒకదాన్నొకటి కరుచుకున్నాయి. ఆ కూనూరు ప్రయోగశాలే 1958లో హైదరాబాద్‌కు తరలివచ్చి జాతీయ పోషకాహార సంస్థ అయింది. తార్నాక వైపు వెళ్లేవారు రోజూ చూసే ఆ ప్రాంగణానికి ఇంగ్లండ్ సేంద్రియ ఉద్యమంతో ఇంతటి చుట్టరికం ఉంది.

ఈ రెండు పరిశోధనలూ 1930ల ఇంగ్లండ్‌కు చేరేసరికి వాటి కోసం కాచుకుని ఉన్న ఒక వర్గం దొరికింది. చౌక దిగుమతి ధాన్యంతో ఎస్టేట్లు బీడుపడుతున్నాయి, బ్యాంకులు రైతును మింగుతున్నాయి, పట్నవాసపు జనం నీరసించిపోతున్నారు అని వారు నమ్మారు. బేసింగ్‌స్టోక్ నుంచి కన్జర్వేటివ్ ఎంపీగా 1929లో ఎన్నికైన లార్డ్ లిమింగ్టన్ పార్టీ రాజకీయాలతో విసిగి 1934లో సీటు వదులుకున్నారు. ‘ఇంగ్లిష్ మిస్టరీ’ అనే రాచరికవాద బృందంలోనూ, దాని నుంచి చీలి 1936లో పుట్టిన ‘ఇంగ్లిష్ అరే’లోనూ ఆయన ప్రముఖులు. మంచి ఎరువు, మంచి రొట్టె, మంచి ‘రక్తం’ అక్కడ ఒకే ఊపిరిలో వినిపించేవి. నాజీ జర్మనీ వ్యవసాయ విధానాన్ని ఆ బృందం సానుభూతితో చూసింది. ‘సేంద్రియ సాగు’ అనే మాటను 1940లో వాడుకలోకి తెచ్చిన లార్డ్ నార్త్‌బోర్న్, ప్రధానిగా చేసిన ఆర్థర్ బాల్ఫోర్‌కు తమ్ముడి కూతురైన లేడీ ఈవ్ బాల్ఫోర్ ఆ లోకానికి సౌమ్యమైన అంచు. ఈవ్ బాల్ఫోర్ చొరవతో 1946లో ఏర్పడిన సాయిల్ అసోసియేషన్ పత్రికకు తొలి సంపాదకుడు జోరియన్ జెంక్స్. మోస్లీ ఫాసిస్టు పార్టీకి వ్యవసాయ సలహాదారుగా పనిచేసి, 1940లో యుద్ధకాల నిబంధనల కింద నిర్బంధంలోకి వెళ్లినవారాయన. 1963లో చనిపోయేదాకా ఆ కుర్చీ ఆయనదే. ఎవరి మాటలు ఎవరి నోట పలుకుతాయో తెలిసిన హోవర్డ్ మాత్రం ఆ సంఘంలో చేరలేదు.

సేంద్రియం ఫాసిజానికి మారుపేరు అని ఇక్కడ తీర్మానించడం తొందరపాటు అవుతుంది. ఎరువు కుప్పకు సిద్ధాంతం ఉండదు. కానీ ‘సహజం’ అన్న మాట మొక్క నుంచి మనిషికీ, మనిషి నుంచి జాతికీ ఎంత సులువుగా పాకుతుందో ఆ దశాబ్దం చూపింది. నేలకు ఏది సహజమో రైతు కళ్లతో చూసి చెప్పగలడు. సమాజంలో ఏది సహజమో చెప్పే అధికారం మాత్రం ఎప్పుడూ పైనున్నవాడే తీసుకుంటాడు.

లిమింగ్టన్ పార్టీ ఏం చేసింది? యుద్ధంలో నౌకలు మునుగుతుంటే దేశమంతా దున్నించి రసాయన ఎరువు పోయించిన ప్రభుత్వానికి నాయకుడు చర్చిల్. యుద్ధం తర్వాత లేబర్ ప్రభుత్వం 1947 వ్యవసాయ చట్టంతో పంటకు హామీ ధరలు ఇచ్చి యంత్రాల సాగును స్థిరపరిచింది. 1951లో తిరిగి వచ్చిన కన్జర్వేటివ్‌లు ఆ దారి మార్చలేదు. రైతు ఓటూ, చౌక రొట్టె తినే పట్నం ఓటూ అటే ఉన్నాయి. లిమింగ్టన్ కెన్యాకు వెళ్లి అక్కడ భూస్వామి అయ్యారు. సొంత నేల మీద మమకారం వలస నేల మీద దొరతనంగా ముగియడాన్ని ఆయన వైరుధ్యంగా భావించిన దాఖలా కనిపించదు. ఆ తర్వాత సాయిల్ అసోసియేషన్‌కు అధ్యక్షుడైన ఇ.ఎఫ్. షూమాకర్ గాంధీనీ, కుమారప్పనూ చదువుకున్న మనిషి. ఉద్యమం రంగు మారింది.

అమెరికాలో ఇదే కథ పొట్టిగా నడిచింది. వారాంతపు సంతలో కూరలు కొంటూ, పిల్లలకు ఇంట్లోనే చదువు చెప్పుకుంటూ, పెద్ద వ్యాపారాన్ని అనుమానిస్తూ రిపబ్లికన్‌లకు ఓటేసే కుటుంబాల గురించి రాడ్ డ్రెహర్ 2002లో నేషనల్ రివ్యూలో రాశారు, 2006లో ‘క్రంచీ కాన్స్’ పుస్తకం తెచ్చారు. సంప్రదాయాన్ని కాపాడాలంటే మార్కెట్‌ను కూడా ప్రశ్నించాలన్నది దాని సారం. తొలి విమర్శలు సొంత శిబిరం నుంచే వచ్చాయి. రావా మరి! నిక్సన్ వ్యవసాయ మంత్రి ఎర్ల్ బట్జ్ పెద్ద కమతాలే దిక్కని రైతులకు నూరిపోసిన పార్టీ అది.

ఇంగ్లండ్‌లో హోవర్డ్‌ను ఆదరించినది ప్రభువులైతే, ఇక్కడ ఆదరించినది గాంధీ. 1935లో హరిజన్ పత్రికలో ఇండోర్ ఎరువు గురించి ఆయన రాశారు. మలమూత్రాలను కూడా ఎరువుగా మార్చడం ఆయనకు అర్థశాస్త్రమే కాదు, పాకీపని నుంచి ఒక కులాన్ని విడిపించే దారి కూడా. జె.సి. కుమారప్ప 1945లో ‘ఎకానమీ ఆఫ్ పెర్మనెన్స్’లో దాన్ని ఆర్థిక సిద్ధాంతంగా విస్తరించారు. స్వతంత్ర భారతం ఇద్దరికీ దండం పెట్టి సింద్రీకి వెళ్లింది.

సంప్రదాయవాద శిబిరంలో ఈ ఆలోచనను ప్రభుత్వంలోకి తీసుకెళ్లిన తొలి మనిషి కె.ఎం. మున్షీ. సోమనాథ ఆలయ పునర్నిర్మాణానికి ముందు నిలిచిన ఈ న్యాయవాది 1950 నుంచి 1952 వరకు కేంద్రంలో ఆహార, వ్యవసాయ మంత్రి. వనమహోత్సవం ఆయన ప్రారంభించినదే. నేల నుంచి తీసుకున్నది నేలకు తిరిగి ఇవ్వాలనే చక్రం గురించి ఆయన చేసిన ప్రసంగాలు ‘గాస్పెల్ ఆఫ్ ద డర్టీ హ్యాండ్’ పేరుతో పుస్తకంగా వచ్చాయి. ఆయన మంత్రిగా ఉండగానే 1951లో అమెరికా నుంచి 19 కోట్ల డాలర్ల గోధుమ అప్పు తేవలసి వచ్చింది. ఆ ఏడాది అక్టోబర్ చివర సింద్రీ కర్మాగారం అమ్మోనియం సల్ఫేట్ ఉత్పత్తి మొదలుపెట్టింది. కడుపు ఖాళీగా ఉన్న దేశంలో మంత్రి చేతికి మట్టి అంటినా, సంతకం మాత్రం దిగుమతి కాగితం మీదే పడింది. ఆయన తర్వాత చేరిన స్వతంత్ర పార్టీకి అధ్యక్షుడు మన గుంటూరు రైతు నాయకుడు ఎన్.జి. రంగా. ఆ పార్టీ రైతు అడిగింది భూమి మీద హక్కు, పంటకు ధర. సహకార సాగు పేరుతో భూమి జోలికి రావద్దన్నాడు తప్ప పేడతో సరిపెట్టుకుంటానని అనలేదు.

జన సంఘ్ దారి వేరు. 1965 జనవరిలో విజయవాడ సమావేశంలో ఆ పార్టీ ఏకాత్మ మానవవాదాన్ని తన సిద్ధాంతంగా స్వీకరించింది. అదే ఏప్రిల్‌లో బొంబాయిలో నాలుగు రోజుల ఉపన్యాసాలతో దీన్‌దయాళ్ ఉపాధ్యాయ దాన్ని వివరించారు. ఆ ఉపన్యాసాల్లో ఇప్పుడు ఎవరూ పెద్దగా ఉదహరించని భాగం ఒకటుంది. చెట్టు నుంచి పండు కోసుకుంటే చెట్టుకు నష్టం లేదని, రసాయన ఎరువులతో పంట పిండుకుంటే నేల కొన్నాళ్లకు నిస్సారమవుతుందని, అమెరికాలో లక్షల ఎకరాలు అలాగే పాడయ్యాయని ఆయన అన్నారు. ఇది ఏ పర్యావరణ సంస్థ కరపత్రమో కాదు. నేటి పాలక పార్టీ నియమావళి మూల సిద్ధాంతంగా పేర్కొన్న గ్రంథం.

మరుసటి ఏడాది, 1966లో, మెక్సికో నుంచి 18,000 టన్నుల పొట్టి గోధుమ విత్తనం వచ్చింది. అదే ఏడాది నవంబర్ 7న గోవధ నిషేధం కోరుతూ సాధువులు పార్లమెంటు మీదికి వెళ్లారు, కాల్పులు జరిగాయి, హోంమంత్రి నందా రాజీనామా చేశారు. సంప్రదాయవాదులకు నిజంగా సాగు మీదే పట్టింపు ఉంటే ఆ ఏడాది ఊరేగింపు ఓడరేవుకు వెళ్లవలసింది. ఎద్దును పొలం నుంచి తప్పించినది కసాయివాడి కత్తి కాదు, ట్రాక్టరు, యూరియా. కానీ కత్తి మీద ఉద్యమం చేయవచ్చు, ఓటు అడగవచ్చు. ట్రాక్టరు కొనుక్కున్న పంజాబ్, హర్యానా రైతును అడగడానికి ఏముంది? 48వ అధికరణంలోని రెండు భాగాలూ ఆ ఏడాది బహిరంగంగా విడిపోయాయి.

ఆ ప్రశ్నను వదలనివారు పరివారంలో కొందరు ఉన్నారని ఒప్పుకోవాలి. దత్తోపంత్ ఠేంగ్డీ 1979లో భారతీయ కిసాన్ సంఘ్‌ను, 1991లో స్వదేశీ జాగరణ్ మంచ్‌ను నెలకొల్పారు. వాజపేయి ప్రభుత్వ ఆర్థిక విధానాలను ఆయన విమర్శించినంత కటువుగా వామపక్షాలు కూడా విమర్శించాయో లేదో. 2003లో ఇవ్వజూపిన పద్మభూషణ్‌ను తిరస్కరించారు. దేశంలో తొలి జన్యుమార్పిడి పంట అయిన బీటీ పత్తికి 2002 మార్చి 26న అనుమతి ఇచ్చింది ఆ వాజపేయి ప్రభుత్వ హయాంలోని కమిటీయే. 2010లో బీటీ వంకాయను ఆపినది కాంగ్రెస్ మంత్రి జైరాం రమేశ్. పరివార సంస్థలు అడిగినది పరాయి ప్రభుత్వం చేసింది, సొంత ప్రభుత్వం చేయలేదు. 2014 జూలైలో మంచ్, కిసాన్ సంఘ్ ప్రతినిధులు పర్యావరణ మంత్రి ప్రకాశ్ జావడేకర్‌ను కలిసి జన్యుమార్పిడి క్షేత్ర పరీక్షలు ఆపమన్నారు. 2022 అక్టోబర్‌లో జన్యుమార్పిడి ఆవాలకు పర్యావరణ అనుమతి వచ్చింది. 2024 జూలైలో సుప్రీంకోర్టు ఇద్దరు న్యాయమూర్తుల ధర్మాసనం దానిపై భిన్న తీర్పులిచ్చింది. మంచ్ ఇప్పటికీ వ్యతిరేకిస్తూనే ఉంది, ప్రభుత్వం ఇప్పటికీ వింటూనే ఉంది.

డబ్బు లెక్క ఇంకా సూటిగా మాట్లాడుతుంది. 2024 నవంబర్‌లో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన జాతీయ ప్రకృతి వ్యవసాయ మిషన్‌కు కేటాయింపు 2,481 కోట్ల రూపాయలు, అదీ రాష్ట్రాల వాటాతో కలిపి. ఆ ఒక్క ఆర్థిక సంవత్సరానికి ఎరువుల సబ్సిడీ బడ్జెట్ అంచనా దాదాపు 1.64 లక్షల కోట్లు. ప్రకృతి సేద్యంపై ప్రధాని చేసే ప్రసంగాన్నీ, ఆర్థిక మంత్రి చదివే పట్టికనూ పక్కపక్కన పెట్టి చూస్తే ఏది విధానమో, ఏది వ్రతమో తెలిసిపోతుంది. మార్కెట్ తన పని తాను చేసుకుపోయింది. స్వదేశీ నినాదం మీద ఎదిగిన పతంజలి 2019లో 4,350 కోట్లకు రుచి సోయాను కొని దేశంలోని పెద్ద వంటనూనె కంపెనీల సరసన చేరింది. గానుగ నూనె గురించి విన్న భక్తుడి ఇంటికి ఇప్పుడు పామాయిల్ కూడా ఆ గడప మీదుగానే వస్తుంది.

ఈ జీవనశైలి కోరేవారు చర్చించడానికి ఇష్టపడని విషయం ఒకటుంది: దిబ్బ ఎరువు ఎవరు మోశారు? కోస్తాలో పాలేరు, తెలంగాణలో జీతగాడు. తెల్లవారకముందే కొట్టం ఊడ్చి, పేడ ఎత్తి, వేసవిలో గంపలతో చేలకు మోసిన ఆ మనిషికి రసాయన ఎరువు బస్తా ఒక విముక్తిలాగే కనిపించి ఉంటుంది. గ్రామాన్ని సంకుచితత్వానికీ అజ్ఞానానికీ నిలయమని 1948 నవంబర్ 4న అంబేద్కర్ రాజ్యాంగ సభలో అన్నప్పుడు ఆయన కళ్లముందున్నది ఈ మనిషే. తాతల నాటి సాగు తిరిగి రావాలనేవారు తాతల నాటి జీతగాడు తిరిగి రాడన్నది లెక్కలో వేసుకోరు. సుభాష్ పాలేకర్ జీవామృతంలో ఎకరాకు పది కిలోల దేశీ ఆవు పేడ, మూత్రం, బెల్లం, పప్పు పిండి, గుప్పెడు మట్టి, రెండు వందల లీటర్ల నీళ్లు కావాలి; వీటన్నిటినీ కలిపే చేతుల కూలి ‘పెట్టుబడి లేని’ ఆ పేరులోకి రాదు. ఇక ఆవు సంగతి. గోవధ చట్టాలు కఠినమైన కాలంలోనే, 2012కూ 2019కీ మధ్య, దేశీ జాతి పశువుల సంఖ్య 6 శాతం తగ్గింది. వట్టిపోయిన ఆవును అమ్ముకునే దారి మూస్తే రైతు ఆవును పూజించడు, కొనడం మానేస్తాడు.

సేంద్రియం అగ్రవర్ణాల పునరుద్ధరణవాదంతోనే బతకాలనేమీ లేదు. జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌లో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల్లోని దళిత మహిళలు బీడు నేలల్లో కొర్రలు, సజ్జలు, జొన్నలు పండించి, విత్తనం తమ గుమ్ముల్లోనే దాచుకున్నారు. బీటీ పత్తిని వారు వ్యతిరేకించినది వేదం పేరుతో కాదు, అప్పు పేరుతో. ఆంధ్రప్రదేశ్ ప్రకృతి వ్యవసాయం కథ ఇంకా ఆసక్తికరం. మెకిన్సే సాయంతో విజన్ 2020 రాయించిన చంద్రబాబు నాయుడే పాలేకర్‌ను పిలిపించారు. కానీ పథకం పాలేకర్ భక్తితో నిలబడలేదు. విశ్రాంత ఐఏఎస్ అధికారి టి. విజయ్ కుమార్ నడిపిన రైతు సాధికార సంస్థ దాన్ని డ్వాక్రా మహిళా సంఘాల ద్వారా ఊరూరా, రైతు నుంచి రైతుకు పాకించింది. ప్రభుత్వాలు మారినా అది ఆగలేదు. లెక్కల మీద శాస్త్రవేత్తలకు అనుమానాలున్నాయి. 2019లో జాతీయ వ్యవసాయ శాస్త్రాల అకాడమీ ప్రధానికి రాసిన లేఖ గట్టిదే. అయినా ఇష్టమున్నవాడు అరెకరంలో వేసి, చూసి, నచ్చితే పెంచుకునే వీలు అక్కడ ఉంది. హోవర్డ్ చేసిన పనికి దగ్గరగా ఉన్నది అదే.

శ్రీలంకలో ఆ వీలు ఎవరికీ ఇవ్వలేదు. చెరువు, స్తూపం, ఊరు, విహారం అనే నాలుగు స్తంభాల మీద నిలిచిన గ్రామం సింహళ బౌద్ధ జాతీయవాదానికి ఎప్పటినుంచో ఆదర్శం. 2004లో బౌద్ధ భిక్షువుల పార్టీ జాతిక హెల ఉరుమయ తొమ్మిది స్థానాలు గెలిచి పార్లమెంటులో అడుగుపెట్టింది. ఆ పార్టీ నుంచి వచ్చిన అతురలియే రతన తేరో విషరహిత దేశం నినాదాన్ని భుజాన వేసుకున్నారు. ఉత్తర మధ్య రాష్ట్రంలో వరి రైతులను కబళిస్తున్న, కారణం తేలని మూత్రపిండాల వ్యాధి ఆ నినాదానికి బలమిచ్చింది. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో డయాలసిస్ కేంద్రాల చుట్టూ తిరిగే కుటుంబాలకు ఆ భయం ఎలాంటిదో చెప్పనక్కర్లేదు. నీరా, మట్టా, మందా, ఎండా అని ఉద్దానంలో పరిశోధనలు సాగుతూనే ఉన్నాయి. శ్రీలంక రాజకీయం మాత్రం తేలేదాకా ఆగలేదు. 2015లో గ్లైఫోసేట్ కలుపుమందును నిషేధించింది. తేయాకు తోటల ఒత్తిడితో 2018లో తేయాకు, రబ్బరు తోటలకు సడలించింది.

2019 ఎన్నికల ప్రణాళికలో గోటబయ రాజపక్స చెప్పింది పదేళ్లలో సేంద్రియానికి మారడం గురించి. 2021 మే నెలలో వచ్చిన గెజెట్ రసాయన ఎరువులు, పురుగుమందుల దిగుమతిని ఒక్కసారిగా ఆపేసింది. 2005లో యాభై కిలోల బస్తా 350 రూపాయలకే ఇస్తానని రైతు ఓట్లు గెలుచుకున్నది ఆయన అన్న మహింద. అన్న అలవాటు చేసిన బస్తాను తమ్ముడు రాత్రికి రాత్రే మాయం చేశారు. ఖజానాలో విదేశీ మారకద్రవ్యం అడుగంటిందన్న అసలు సంగతి జాతి ఆరోగ్యం, పూర్వ వైభవం అన్న మాటల కింద కొంతకాలం దాగింది. పేరాదెనియ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలతో సహా ఎందరో హెచ్చరించారు. విన్నవారు లేరు.

కావలసినంత సేంద్రియ ఎరువు దేశంలో లేదు కనుక చైనా నుంచి తెప్పించారు. స్వావలంబన పేరుతో మొదలైన విధానం విదేశీ ఓడ కోసం ఎదురుచూడవలసి రావడమే ఒక వింత. ఆ ఓడలోని సరుకులో హానికర సూక్ష్మజీవులున్నాయని శ్రీలంక నిపుణులు తిరస్కరిస్తే, వివాదం ముదిరి చివరికి చైనా కంపెనీకి అరవై ఏడు లక్షల డాలర్లకు పైగా చెల్లించవలసి వచ్చింది. నవంబర్‌లో నిషేధం ఎత్తేశారు. మహా పంట కాలం అప్పటికే గాడి తప్పింది. 2022 జనవరిలో పది లక్షలకు పైగా వరి రైతులకు 4,000 కోట్ల శ్రీలంక రూపాయల పరిహారం ప్రకటించారు. 2022లో వరి ఉత్పత్తి 30 లక్షల టన్నులకు, అంటే అంతకుముందు ఏడాది కంటే 42 శాతం కిందికి పడుతుందని ఐరాస ఆహార సంస్థలు లెక్కగట్టాయి. దేశం దివాలా తీయడానికి పన్ను రాయితీలు, అప్పులు, కోవిడ్ ప్రధాన కారణాలు. ఎరువుల నిషేధం ఒక్కటే కాదు. అయితే రాజపక్సలకు కంచుకోటగా నిలిచిన సింహళ రైతును వారికి దూరం చేసింది అదే. అనూరాధపురం, పొలొన్నరువ పొలాల్లో దిష్టిబొమ్మలు కాలినప్పుడు అర్థం చేసుకోవలసినది కొలంబోలో అర్థం చేసుకోలేదు.

2022 జూలై 9న జనం అధ్యక్ష భవనంలోకి చొరబడ్డారు. నాలుగు రోజుల తర్వాత గోటబయ దేశం విడిచి పారిపోయారు. ఆ రోజుల్లోనే భారత ప్రభుత్వ రుణ సాయం కింద 44,000 టన్నుల ఎరువు కొలంబో చేరింది. ఆగస్టులో మరో 21,000 టన్నులు పంపారు. పంపినది యూరియా.